మందు లేని సూది కోసం కొండెక్కిన సంగతి

అరకు వెళ్ళొచ్చానని తెలిసి మా వీధిలో వాళ్ళు వలిసె పూలు ఎలా ఉన్నాయని అడుగుతున్నారు. పచ్చగా ఉన్నాయని చెబుతున్నాను. అంతకుమించి నాకు తెలియదు. దారిలో సగభాగం కొంగు మడిచి కళ్ళకు కట్టుకుని కూర్చున్నాను. వెలుతురు నాకు పడదు, అందులోనూ పసుపుపచ్చ వెలుతురు అసలే పడదు. అలాంటి మనిషికి యాత్ర రాయడమెందుకంటే, తలనొప్పులతో అక్కడికి వెళ్దామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ళు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. వాళ్ళకు చెప్పాలి. మా ఆయనకు చదివే అలవాటు లేదు కాబట్టి జరిగింది జరిగినట్టే రాస్తాను.

నాది పార్శ్వపు నొప్పి. డాక్టర్లు మైగ్రేన్ అంటారు, మా అత్తగారు ఒంటితలనొప్పి అంటారు, ఆఫీసులో పని ఎగ్గొట్టే రోగం అంటారు. పెళ్ళికి ముందు నుంచీ ఉంది. మొదట్లో నెలకోసారి వచ్చేది, రానురాను వారానికి రెండుసార్లయింది. ముందు ఎడమ కంట్లో మెరుపు తీగలు సాగుతాయి. తర్వాత కణతలో రోకటి పోటు. ఆపైన వాంతులు, ఆపైన ఎవరూ మాట్లాడకూడని చీకటి. పోస్టాఫీసులో ఉత్తరాల మీద ముద్రలు కొట్టే పని నాది. నొప్పి ఉన్న రోజున ఒక్కో ముద్రా నా తల మీదే పడేది.

చెయ్యని వైద్యం లేదు. శొంఠి అరగదీసి పట్టు వేశాను. తుమ్మి ఆకు రసం ముక్కులో పిండించుకున్నాను. పొద్దు పొడవకముందే జిలేబీ తింటే పోతుందని ఒకరు చెబితే నెలరోజులు తిన్నాను, ఒళ్ళు వచ్చింది గానీ నొప్పి పోలేదు. చివరికి మాత్రలే గతి అయ్యాయి. పోయిన వానాకాలంలో విశాఖపట్నం పెద్ద డాక్టరు నా కడుపు పరీక్షలు చూసి, మాత్రలు మింగి మింగి లోపల పుండు పడిందనీ, ఇక ఒక్కటి కూడా వేసుకోవద్దనీ చెప్పేశారు. మరి నొప్పొస్తేనో అని అడిగాను. ఓర్చుకోవాలమ్మా అన్నారు. ఆయన చెడ్డవారు కారు, ఆయన దగ్గర ఇంకేమీ లేదంతే. బస్సులో ఇంటికొస్తూ, ఇంకా ఎన్నేళ్ళు బతకాలో అని మొదటిసారి భయపడ్డాను.

మా ఆయనకు సైకిళ్ళ షాపు ఉంది. కొండ చీపుర్లు కొనే వ్యాపారి ఒకాయన అక్కడ కబుర్లలో చెప్పాడట, ముంచింగిపుట్టు అవతల ఒక డాక్టరు గారు చైనా సూదులు వేస్తున్నారని. మందు లేని సూదులట. చలికాలం మాత్రమే ఉంటారట, ఈ ఏడుతో అదీ ఆఖరట. మా అత్తగారు తుంటి విరిగి మంచంలో ఉన్నారు కాబట్టి ఇద్దరం కదలడానికి లేదు. నేనొక్కదాన్నే వెళ్ళాలని తేలింది. ఇది కూడా పని చెయ్యకపోతే మరి వెతకడానికి ఏమీ మిగల్లేదు. ఆ మాట మేమిద్దరం పైకి అనుకోలేదు.

సొరంగాలు

శృంగవరపుకోటలో పాసింజరు ఎక్కించి ఆయన కిటికీ పక్కన నిలబడ్డారు. నీళ్ళ సీసా, మరమరాలు, పులిహోర పొట్లం, ఊలు మఫ్లరు ఒక్కొక్కటే అందించారు. మామూలుగా జాగ్రత్తలు చెప్పి చెప్పి విసిగించే మనిషి. ఆ రోజు మాత్రం బండి కదులుతుంటే కిటికీ ఊచ పట్టుకుని నాలుగడుగులు పక్కనే నడిచారంతే.

కొండల్లోకి వెళ్ళాక సొరంగాలు మొదలవుతాయి. బండి లోపలికి దూరగానే కాలేజీ కుర్రాళ్ళు ఈలలు వేస్తారు, పిల్లలు సరదాకి కేకలు పెడతారు. చీకటికి అందరూ గోల చేస్తుంటే నాకు మాత్రం అక్కడే ప్రాణం కుదుటపడేది. బయటకు రాగానే లోయ, సెలయేరు, ఎండ. అదిగో అదిగో అంటూ అందరూ కిటికీల మీద పడేవారు. నేను మళ్ళీ సొరంగం ఎప్పుడొస్తుందా అని కొంగు బిగించుకునేదాన్ని. డబ్బు పెట్టి టిక్కెట్టు కొని చీకటి కోసం ఎదురుచూసినదాన్ని ఆ బండిలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఎదురు బల్ల మీద శృంగవరపుకోటలో నారింజలు అమ్ముకుని తిరిగి వెళ్తున్న ముసలమ్మ కూర్చుంది. నా వాలకం చూసి గంప అడుగున మిగిలిన పండు తీసింది. ఒలిచి, తొనలు తాను తిని, తొక్క నా చేతిలో పెట్టింది.

"ముక్కు కాడ ఎట్టుకో అమ్మా. డోకు రాదు."

నిజంగానే రాలేదు. బొర్రా దగ్గర ఆమె దిగిపోయాక కూడా ఆ తొక్కను ఎండేదాకా వదల్లేదు. ఆ ప్రయాణం మొత్తంలో పూర్తిగా పనిచేసిన వైద్యం అదొక్కటే.

అరకు

చలికాలం కాబట్టి వలిసె చేలు పూసి ఉన్నాయి. స్టేషను దాటగానే కళ్ళలో పసుపు కొట్టినట్టయింది. కలకత్తా నుంచి వచ్చిన కొత్త దంపతులు చేలో నిలబడి నన్ను పిలిచి, కెమెరా చేతికిచ్చి ఫోటో తీయమన్నారు. కాదనలేకపోయాను. కాదనడం నాకు చేతకాదు, ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. కళ్ళు మూసుకుని మీట నొక్కాను. ఊరెళ్ళి ఫిల్ము కడిగించుకుంటే వాళ్ళిద్దరికీ తలకాయలు ఉండి ఉండవు. ఆ సమయానికి తలకాయ లేకపోవడం అదృష్టమే అనిపించింది నాకు.

చుట్టూ కాఫీ తోటలున్న ఊళ్ళో కాఫీ దొరకలేదు. హోటలాయన రెండు రూపాయలకు టీ ఇచ్చాడు. గింజలన్నీ కిందికి పోతాయట, అక్కడ పండించేవాళ్ళెవరూ తాగరట. ఇడ్లీలు మాత్రం మా ఊరి కంటే మెత్తగా ఉన్నాయి. ఒకటి తిన్నాను, రెండోది ఆకులో వదిలేశాను.

జీపు

అరకు నుంచి పాడేరు దాకా జీపే. లోపల ఎందరున్నారో, పైన ఎందరున్నారో, వెనక వేలాడుతున్నదెవరో చెప్పలేను. నా ఒళ్ళో ఎవరిదో కోడిపెట్ట. మలుపులు మొదలయ్యేసరికి నా ఎడమ కంట్లో మెరుపు తీగలు కూడా మొదలయ్యాయి. డ్రైవరు అద్దంలో నా మొహం చూశాడు.

"ఏటమ్మా, తిరుగుతందా? బేగి సెప్పండి, ఆపుతాను. బండిలో మాత్రం వొద్దు."

చెప్పేంత వ్యవధి లేదు. మా ఆయన ఇచ్చిన ఊలు మఫ్లరు అక్కడితో సరి. అంత ఇరుకులోనూ పక్కనున్న ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. ముక్కుకు మూడు పుడకలున్న ఒకావిడ నా తల తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఎవరు, ఏ ఊరు, ఏమవుతారు అని అడగలేదు. మా వైపు బస్సుల్లో సాయం చేయకముందు వంశవృక్షం అడుగుతారు, చేశాక ఇంటి చిరునామా అడుగుతారు. ఆవిడ హుకుంపేటలో దిగుతూ నా చెంప మీద ఓసారి తట్టి వెళ్ళింది. ఆమె మొహం నాకు గుర్తులేదు, కళ్ళు తెరిస్తే కదా.

పాడేరులో బస్సు మారి, పెదబయలు మీదుగా ముంచింగిపుట్టు చేరేసరికి పొద్దు వాలింది. చలి ఎముకల్లో పాకింది. మఫ్లరు గుర్తొచ్చింది.

పెంకుల షెడ్డు

ఊరికి కాస్త అవతల, ఒక సేవాసంస్థ వాళ్ళు కట్టించిన పొడవాటి పెంకుల షెడ్డు అది. నేల మీద వరసగా చాపలు. మధ్యలో కుంపటి. దూరం నుంచి వచ్చినవాళ్ళు రాత్రిళ్ళు పడుకోవడానికి ఊళ్ళో ఒక గది ఉంది. డాక్టరు గారిది తెనాలి వైపు. అరవై దాటిన బక్కమనిషి. మామూలు డాక్టరు చదువే చదివి, ఆ ప్రాక్టీసు మానేసి, కలకత్తాలో ఈ సూదుల విద్య నేర్చుకుని, చైనాలోనూ కొన్నాళ్ళు ఉండి వచ్చారట. ఎవరిని ముట్టుకునే ముందైనా చేతులు కుంపటి మీద వెచ్చబెట్టుకుంటారు. ఆ ఒక్క అలవాటుకే ఆయన మీద నాకు గురి కుదిరింది.

నాలుక చూపించమన్నారు. మూడు వేళ్ళతో మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. తర్వాత రెండో చెయ్యి. మా తాతగారి రోజుల్లో నాడి చూసే వైద్యులుండేవారని విన్నాను గానీ, ఇంతసేపు చూస్తారని వినలేదు. చైనావాళ్ళ శాస్త్రం ప్రకారం నా కాలేయంలో గాలి రేగి పైకి ఎక్కుతోందట.

"మీ తలలో ఏ దోషమూ లేదమ్మా. ఎక్కడో పుట్టిన దానికి అది దెబ్బలు తింటోంది" అన్నారు.

ఇన్నేళ్ళలో ఒక డాక్టరు నా తల తరఫున మాట్లాడడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది.

సూదులు తలవెంట్రుక కంటే కొంచెం లావు, అంతే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో ఒకటి, కాలి వేళ్ళ సందులో ఒకటి, మెడ వెనక పుర్రె కింది గుంటల్లో రెండు, కణత మీద ఒకటి. గుచ్చి, మెల్లిగా తిప్పుతూ పట్టిందా అని అడుగుతారు. నొప్పి ఉండదు. లోపల ఎవరో బరువు కట్టి లాగినట్టు తిమ్మిరెక్కుతుంది, అదే పట్టడం. తర్వాత మాచిపత్రి ధూపం. ఎండిన మాచిపత్రిని చుట్టలా చుట్టి, నిప్పంటించి, చర్మానికి తగలకుండా దగ్గరగా పెడతారు. వినాయక చవితి పూజలో మొదటి పత్రి అదే కదా, ఆ రోజు దాటితే మనకు దాని ఊసే ఉండదు. చైనాలో అది ఏడాది పొడవునా మందేనట.

నా పక్క చాప బుద్రిది. బుధవారం పుట్టింది కాబట్టి బుద్రి. నా ఈడుదే. సంతలకు తిరిగిన మనిషి కాబట్టి తెలుగు బాగానే వచ్చు. తలనొప్పి వల్ల నెత్తిన ఏమీ మొయ్యలేక ఏడాదిగా ఇంట్లోనే ఉండిపోయిందట. కట్టెలు, నీళ్ళు, పంట అన్నీ నెత్తిన మోసే ఊళ్ళో మొయ్యలేకపోతే ఇల్లు గడవదు. ఆమె రెండు కణతల మీదా కాల్చిన ఇనుముతో పెట్టిన చురకల మచ్చలున్నాయి. అక్కడ నొప్పికి అదే పాత వైద్యం. అందుకే డాక్టరు గారి ధూపం మీద ఆమెకు మొదట్లో చిన్నచూపట. అంటనీయకుండా కాలిస్తే ఏటి లాభమని ఆయన్నే అడిగిందట.

అక్కడందరూ అందరినీ నువ్వనే అంటారు. డాక్టరు గారినీ నువ్వే, నన్నూ నువ్వే. మొదటిరోజు ఒళ్ళు మండింది, మర్నాటికి అలవాటైపోయింది. మధ్యాహ్నం బుద్రి ఆనపకాయ బుర్రలో తెచ్చుకున్న చోడి అంబలి, అంటే రాగి జావ, నాకూ పోసేది. పుల్లగా, చల్లగా ఉండేది. వాంతి కాకుండా నా కడుపులో నిలిచిన తిండి అక్కడ అదే.

మొదటిరోజు సూదులు తీశాక జరిగింది చెబితే మీరు నమ్మరు. తల తేలికైంది. షెడ్డు బయటకు వచ్చి కొంగు తీసేసి చూశాను. ఎదురుగా కొండ, దాని మీద పొగమంచు, కింద ఎవరివో మేకలు. ఎప్పటినుంచో మూసి ఉన్న ఇంటి తలుపు తీసినట్టు అన్నీ ఒకేసారి కనిపించాయి. డాక్టరు గారు వెనక నుంచి తగ్గిందా అమ్మా అని అడిగారు. తగ్గిందండీ అన్నాను. అది నిజం. నా మాటకు ఆయన మొహం కూడా వెలిగింది.

తగ్గిందా

రెండోరోజు సూదులు ఒంట్లో ఉండగానే నొప్పి వచ్చింది. మాచిపత్రి పొగ ముక్కుకు తగలడంతోనే ఎడమ కంట్లో తీగలు సాగాయి. కదలకుండా పడుకుని ఓర్చుకున్నాను. సాయంత్రం ఆయన వచ్చి చాప పక్కన గొంతుక్కూర్చుని, తగ్గిందా అమ్మా అన్నారు. ఆ వయసులో, ఆ చలిలో, మోకాళ్ళు పట్టుకుని కూర్చుని అడుగుతుంటే లేదని ఎలా అనడం? తగ్గిందండీ అన్నాను.

ఇది మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. పెళ్ళివారి పప్పులో ఉప్పు లేకపోయినా బాగుందండీ అంటాం. దర్జీ జాకెట్టు బిగుతుగా కుట్టినా సరిపోయిందండీ అని తెచ్చుకుని బీరువాలో పడేస్తాం. ఎదుటివాళ్ళు మన కోసం కష్టపడితే ఆ కష్టం వృథా అయిందని మొహం మీద చెప్పలేం. మొహమాటం అని దానికొక మంచి పేరు పెట్టుకున్నాం. రేపటికి నిజంగానే తగ్గుతుందిలే, అప్పుడు ఈ మాట నిజమవుతుంది కదా అని సర్దిచెప్పుకున్నాను.

బుద్రిని అడిగితే ఆమె జవాబు రోజూ ఒకటే. అలాగే ఉంది. ఆ రెండు మాటలు అనేసి అటు తిరిగి పడుకునేది. షెడ్డులో ఎవరిని అడిగినా అంతే. నాకు ప్రాణం ఉసూరుమనేది. పాపం ఆయన ఇంత చేస్తుంటే ఒక్క మంచి మాట చెప్పరేమని, వాళ్ళందరి బదులూ నేనే కాస్త ఎక్కువ చెప్పేదాన్ని. చాలా తేలిగ్గా ఉందండీ, రాత్రి హాయిగా నిద్రపట్టిందండీ అని. ఒకసారి ఉండబట్టలేక వాళ్ళ సంగతి ఆయన దగ్గరే ఎత్తాను. ఆయన నవ్వారు.

"వీళ్ళు నోటితో చెప్పరమ్మా. అదేదో వాళ్ళ నమ్మకం. నేనే వాళ్ళ నడక చూసి, కన్ను చూసి, ఎంత మోస్తున్నారో చూసి ఊహించుకోవాలి. మీతో ఆ చిక్కు లేదు. చదువుకున్నవారు, మీ మాట చాలు నాకు."

చాలింది కూడా. నేను తగ్గిందన్నకొద్దీ ఆయన సూదులు తగ్గిస్తూ వచ్చారు. ముందు కణత మీదిది మానేశారు. తర్వాత మెడవి. చివరికి చేతిలో ఒకటి, కాలిలో ఒకటి మిగిలాయి. నొప్పి మాత్రం, ఆ పొగకో చలికో, రోజూ వస్తూనే ఉంది. దిండులో మొహం పెట్టి, ఎవరికీ వినపడకుండా, ఇంకో రెండు సూదులు వెయ్యండి బాబూ అని గోడతో చెప్పుకున్నాను.

సంత

సంత రోజున షెడ్డుకు సెలవు. ఊళ్ళో ఎస్టీడీ బూతు ముందు పొడవాటి వరస. మా ఆయన షాపు పక్క మందులషాపుకు ఫోన్ చేస్తే ఆయన పరిగెత్తుకొచ్చారు. రొప్పుతూనే ఎలా ఉందే అని అడిగారు. నా వెనక పదిమంది నిలబడి వింటున్నారు. తగ్గిందండీ అన్నాను. ఆయన మందులషాపు వాళ్ళకు చెబుతున్న మాట వినిపించింది. తగ్గిందట, తగ్గిందట అని. ఇరవయ్యేళ్ళ కాపరంలో ఆయన గొంతు అంత సంతోషంగా ఎప్పుడూ వినలేదు.

ఫోన్ పెట్టేసి సంతలో పడ్డాను. పసుపు కొమ్ములు, పిప్పళ్ళు, కొండ చీపుర్లు, ఎండుచేపలు, రాజ్మా గింజలు. గింజలు మానికతో కొలిచి, పైన ఇంకో దోసెడు ఊరికే పోస్తున్నారు. మా ఊళ్ళో అయితే కొలిచిన దాంట్లోంచే దోసెడు తగ్గిస్తారు. అక్కడ కనిపించింది బుద్రి, నెత్తిన గంపెడు రాజ్మా పెట్టుకుని, పక్కనున్నవాళ్ళతో నవ్వుతూ నడిచివస్తోంది. మెడ నిటారుగా ఉంది. నేను నిలబడిపోయాను.

"తగ్గిపోయిందా బుద్రీ?"

ఆమె గంప దించి, గబుక్కున అరచేత్తో నా నోరు మూసింది. చుట్టూ చూసింది.

"అలా అడక్కూడదు. ఇంటాది."

ఏది వింటుందని అడిగాను. నన్ను ఒక వారకు లాక్కెళ్ళి, గొంతు తగ్గించి చెప్పింది.

"నొప్పి. ఎల్లిపోతన్నవోడు ఊరి పొలిమేర దాటేదాకా ఎనక్కి సూత్తానే ఉంటాడు. ఎల్లిపోనాడని మనం అన్నామనుకో, నన్నేనా పిలిసేరని తిరిగొచ్చేత్తాడు. కొత్త సామలు తినే పండగ అయ్యాక సెప్పుకుంటాం. అందాకా అలాగే ఉంది అనాల."

షెడ్డులో విన్న అలాగే ఉందిలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. వాటిలో ఎన్ని నిజంగా తగ్గిన తలలో. నేను జాలిపడ్డ వాళ్ళందరూ బాగుపడి ఇళ్ళకు వెళ్ళినవాళ్ళే కావచ్చు. బుద్రి నా మొహంలోకి దగ్గరగా చూసింది.

"నువ్వు రోజూ తగ్గింది తగ్గింది అంటన్నావు. నీ ఎడం కన్ను సిన్నదైపోయి ఉంది. నీకు పోనేదు."

అబద్ధం ఆడబోయాను. నోరు రాలేదు. డాక్టరు గారు బాధపడతారని, అందుకే అలా చెబుతున్నానని గొణిగాను. ఆమెకు అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు, నుదురు ముడిచి ఆలోచించింది.

"పోయినదాన్ని సెప్పడానికి మాకు బయం. ఉన్నదాన్ని ఉన్నాదని సెప్పడానికి నీకు బయమేటి?"

రేపు పొద్దున్నే డాక్టరు గారికి ఉన్నదున్నట్టు చెప్పేస్తానని, మళ్ళీ మొదటి నుంచి సూదులు వెయ్యమంటానని బుద్రికి మాటిచ్చాను.

చాప

పొద్దున్నే వెళ్ళాను. ఆయన కుంపటి దగ్గర సూదులు మరగబెడుతున్నారు. నన్ను చూసి పీట లాగి కూర్చోమన్నారు. నేను నోరు తెరిచేలోగా ఆయనే మొదలుపెట్టారు. ఈ నెలాఖరుకి షెడ్డు మూసేస్తున్నారట. సంస్థవాళ్ళకు దీని మీద నమ్మకం పోయిందట. ఇంట్లోవాళ్ళు మొదటినుంచీ పిచ్చిపని అంటూనే ఉన్నారట. ఇదంతా ఆయన మామూలుగానే చెప్పారు.

"నడుము నొప్పులూ మోకాళ్ళూ అయితే నడక చూస్తే తెలుస్తుందమ్మా. ఈ పార్శ్వపు నొప్పికి మాత్రం నా సూదులు ఎందరికి పనిచేశాయో నాకే తెలియదు. వచ్చినవాళ్ళు కొన్నాళ్ళకు రావడం మానేస్తారు. తగ్గి మానేశారో, విసిగి మానేశారో ఎవరు చెబుతారు? మీరొక్కరే కుదురుగా ఉండి, రోజూ నోరారా చెప్పారు. ఆ ఒక్క మాట పట్టుకుని కొండ దిగుతాను."

నా చాప వైపు చూశాను. అక్కడ అప్పటికే ఎవరో ముసలావిడ పడుకుని ఉంది. నాకు ఇక సూదులు అక్కర్లేదు కాబట్టి ఆ చోటు ఆవిడకు ఇచ్చానన్నారు. గుమ్మం దగ్గర బుద్రి నిలబడి నా వైపే చూస్తోంది.

"ఏదో చెప్పబోయారు?" అన్నారాయన.

"ఏం లేదండీ. దణ్ణం పెట్టుకుని వెళ్దామని."

వంగి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాను. వంగినప్పుడు కణతలో పోటు పొడిచి కళ్ళు చీకట్లు కమ్మాయి. ఆయన తన వెచ్చటి చెయ్యి నా తల మీద పెట్టి, ఇక అంతా మంచే జరుగుతుందన్నారు.

బస్సు దాకా బుద్రి వచ్చింది. వద్దన్నా వినకుండా నా పెట్టె నెత్తిన పెట్టుకుంది. ఒక చెయ్యి కూడా పట్టకుండా, పెట్టె ఊగకుండా ఆమె నడుస్తుంటే నాకు కడుపు మండిపోయింది. అసూయ, ఇంకో పేరు లేదు దానికి. బస్సు ఎక్కాక కిటికీలోంచి నా ఎడమ కణత మీద వేలు పెట్టి చూపించింది.

"డాట్టరు ఎల్లిపోతాడు. నేనుంటాను కదా. రా, మా వూళ్ళో సురక ఎడతారు."

ఆమె హాస్యమాడలేదు. నేనూ నవ్వలేదు. అప్పుడే వెళ్ళి పెట్టించుకుంటే ఎలా ఉండేదని కూడా ఆలోచించాను.

దిగుడు

చైనా సూదులు పార్శ్వపు నొప్పికి పనిచేస్తాయా అని మీరు అడుగుతారు. ఇంత రాశాక కూడా నాకు తెలియదనే చెప్పాలి. బుద్రికి పనిచేశాయి. నాకు ఒక్క సాయంత్రం పనిచేశాయి, మిగతా రోజులు వాటిని నేను పనిచేయనిచ్చానో లేదో. పూర్తిగా వేయించుకుని ఉంటే తగ్గేదా? ఏమో. ఎంత వేయించుకున్నా తగ్గకపోయేదేమో. ఈ రెండింటిలో ఏదో ఒకటి తెలిసి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. తెలుసుకోవడానికి ఆ డాక్టరు గారు లేరు, ఆ షెడ్డు లేదు. ఏ దారీ లేదనుకుని వెళ్ళాను. ఉన్న ఒక్క దారినీ నా నోటితో నేనే మూసుకుని తిరిగొచ్చాను. మంచి మర్యాదస్తురాలినని మాత్రం పేరు వచ్చే ఉంటుంది.

రైల్లో నొప్పి పూర్తిగా ఎక్కింది. ఈసారి ఎదురుగా నారింజల ముసలమ్మ లేదు. తలను కిటికీ ఊచలకు ఆనించుకుని, వాంతి చేసుకుంటూ, కోట దాకా దిగాను.

మా ఆయన స్టేషనులో చేతులు చాచి నిలబడ్డారు. పెట్టె అందుకుని, బస్సులో ఇద్దరికి, మా వీధి మొదట్లో ముగ్గురికి చెప్పారు, మా ఆవిడకు తగ్గిపోయిందని. వాళ్ళందరికీ నేను నవ్వు మొహం పెట్టాను. ఇంట్లోకి వెళ్ళగానే నన్ను కాళ్ళు కూడా కడుక్కోనివ్వకుండా, రా రా అంటూ పడకగది తలుపు తీశారు.

పెళ్ళయిన కొత్తల్లో నాకు వెలుతురు పడదని ఆయనే మేకులు కొట్టి కిటికీకి బిగించిన నల్ల దుప్పటి లేదు. దాన్ని పీకేసి, కిటికీ రెక్కలకు కొత్త అద్దాలు వేయించారు. గోడలకు తెల్లగా సున్నం కొట్టారు, ఆయన వేళ్ళ సందుల్లో ఇంకా అంటుకుని ఉంది. మధ్యాహ్నపు ఎండ నేరుగా వచ్చి గోడ నిండా పడుతోంది.

"ఎలా ఉందే?" అన్నారు.

బాగుందన్నాను. వెళ్ళి మంచం మీద, ఆ కిటికీకి ఎదురుగా కూర్చున్నాను. టీ పెట్టుకొస్తానని ఆయన వంటింట్లోకి వెళ్ళేదాకా కళ్ళు తెరుచుకునే ఉన్నాను.